చేదు అందరికి నొక్కటియేనా?

1931లో అమెరికాలో ఆర్థర్ ఫాక్స్ అను రసాయనజ్ఞుడు ఫినైల్‌థయోకార్బమైడ్ అను పొడిని సీసాలోనికి పోయుచుండగా కొంత గాలిలోనికి లేచెను. ప్రక్కనున్న సహచరునికి నోరు చేదయ్యెను. ఫాక్స్‌కు ఏ రుచియు తోచలేదు.

నాలుకమీది రుచికణములలో చేదును పట్టు గ్రాహకములు సుమారు 25 రకములు కలవు. పదార్థము లాలాజలమున కరగి వానిలో తనకు తగినదానియందు ఇమిడినచో ఆ గ్రాహకపు ఆకృతి మారును. అంతట గస్ట్‌డ్యూసిన్ అను ప్రోటీను ప్రేరితమై, కణములో కాల్షియము పెరిగి, నరములద్వారా మెదడునకు వార్త పోవును.

ఫాక్స్ పొడిని పట్టు గ్రాహకముయొక్క జన్యువును 2003లో గుర్తించిరి. అందొక విశేషరూపమును తల్లిదండ్రులిరువురినుండియు పొందినవారికి ఆ చేదు దాదాపు తెలియదు. క్యాబేజీ, ఆవ జాతులలోని కొన్ని గంధకపదార్థములను పట్టునదియు ఈ గ్రాహకమే. కావున తల్లికి కమ్మగానున్న క్యాబేజీకూర, తండ్రివైపు జన్యువు గల బిడ్డకు నిజముగనే చేదు కావచ్చును; దానిని మొండితనమనుట తగదు. కాకర చేదు మాత్రము వేఱు పదార్థములది.