మెదడునందు వాక్కునకుఁ గల స్థానము

శబ్దశాస్త్రము నభ్యసించినవారు వర్ణములకు స్థానములను జెప్పుదురు. కంఠము, తాలువు, మూర్ధము, దంతములు, ఓష్ఠములు అని బాలురు సైతము వల్లింతురు. ఇవన్నియు నోటిలోనివి. కాని నాలుకయుఁ బెదవులును జెడకయే మాట పోయినవారు లోకమునఁ గలరు. అట్టివారికిఁ బోయినదేమి? వర్ణములను బుట్టించు కరణములు నిలిచియుండఁగా మాట పోయినదనిన, ఆ కరణములను నడపు స్థానము వేఱొకటి యున్నదని తేలుచున్నది. అది మెదడు. దాని నిర్మాణమును సంగ్రహముగాఁ జెప్పి, అందు వాక్కున కెచట నెట్లు ప్రతిష్ఠ కలదో వివరించి, మాట పోయినవానికి బుద్ధియుఁ బోయినదను లోకభ్రమను దొలఁగించుట యీ వ్యాసమున కుద్దేశము.

ముందు పరిభాషనుగూర్చి యొకమాట. నాడీశబ్దమును వైద్యులు ధమనీస్పందమునకును, యోగశాస్త్రకారులు ప్రాణమార్గములకును వాడిరి. వాడుకలో రక్తనాళమును గూడ నరమనుట కలదు. ఈ వ్యాసమున నాడి, నరము అను పదములకు మెదడునుండి యవయవములకు నాజ్ఞలను, అవయవములనుండి మెదడునకు వార్తలను గొనిపోవు తంతువులని మాత్రమే యర్థము.

పెద్దవారి మెదడు సుమారు 1,300 మొదలు 1,400 గ్రాములు తూఁగును. శరీరభారమున నూటికి రెండు పాళ్లే యైనను, దేహము విశ్రాంతిగా నున్నపుడు వెచ్చించు శక్తిలో నూటికి ఇరువది పాళ్లు దీనికే కావలెను. కావుననే కొలఁది నిమిషములు రక్తప్రసార మాఁగినను దీనికిఁ గీడు మూడును. ఇందు ముఖ్యభాగములు మూఁడు. రెండర్ధగోళములుగా నుండి, ముడుతలు పడిన బూడిదవన్నె పైపొరతోఁ గూడినది పెద్దమెదడు. తలఁపు, జ్ఞాపకము, ఇచ్ఛాపూర్వకమైన చేష్ట దీనివి. వెనుకవైపున దాని క్రింద నున్నది చిన్నమెదడు. నడకయందును జేఁతయందును అవయవములకుఁ బొందిక గూర్చుట దీని పని. మూఁడవది మెదడుకాండము, ఊపిరియు గుండె కొట్టుకొనుటయు దీని యేలుబడిలోనివి. కాండమే క్రిందికి సాగి, వెన్నెముక లోపల సుమారు 45 సెంటీమీటర్ల పొడవున వెన్నుపాముగా నున్నది. మెదడునుండి 12 జతలును, వెన్నుపామునుండి 31 జతలును నరములు వెలువడును. మెదడును వెన్నుపామును గలిపి కేంద్రనాడీమండల మందురు.

మెదడునఁ గల నాడీకణములు సుమారు 8,600 కోట్లని 2009వ సంవత్సరమున బ్రెజిలు దేశపు శాస్త్రజ్ఞులు లెక్కించి ప్రకటించిరి. ఒక్కొక్క కణము కొమ్మలవంటి తంతువులతో వార్తను గ్రహించి, పొడవైన యొక తంతువుతో నావలి కణమునకుఁ బంపును. తంతువున నా వార్త విద్యుద్రూపము. రెండు కణముల నడిమి సందును రసాయనద్రవ్యముల సాయమున దాఁటును. ఇంకొక విశేషము: అవయవములకుఁ బోవు తంతువులలోఁ బెక్కు కాండము క్రిందిభాగమున నొండొంటిని దాఁటి యెదుటి ప్రక్కకుఁ బోవును. అందుచే నెడమ మెదడు దెబ్బతిన్నఁ గుడిచేయి పడిపోవును. కుడిచేతితోఁగూడ మాట పోవుట కిదియే కారణమని ముందు తెలియఁగలదు.

ఇఁక వాక్కు. 1861వ సంవత్సరము ఏప్రిలు నెలలో, పారిసు చెంతనున్న బిసేత్రు వైద్యశాలయందు, పాల్ బ్రోకా యను శస్త్రవైద్యునియొద్దకు లెబోర్ఞ యను 51 ఏండ్ల రోగిని గొనివచ్చిరి. ఏమడిగినను 'తాన్, తాన్' అనుటయే కాని వానికి వేఱు మాట రాదు. కోపము మిక్కుటమైనపు డొక తిట్టుమాత్రము వెలువడెడిది. ఎన్నియేండ్లుగా నీ వైద్యశాలయం దుంటివని యడుగఁగా, వాఁడు చేతివ్రేళ్లయిదింటిని నాలుగుమాఱులు చాఁచి, పిమ్మట నొక్క వ్రేలు చూపెను. ఇరువదియొక్క యేండ్లు! లెక్క సరియైనది. పలుకు లేదు గాని ప్రశ్నార్థము తెలిసినది, గణనము తెలిసినది. ఆ నెల 17వ తేదిని వాఁడు మరణింపఁగా, మఱునాఁడే బ్రోకా వాని మెదడును పండితసభకుఁ జూపెను. ఎడమ యర్ధగోళమున, నొసటి వెనుక ఖండములో, మూఁడవ ముడుత కడభాగము చెడియుండెను. ఇట్టి రోగులను మఱికొందఱిఁ బరీక్షించి, వాక్కున కెడమ యర్ధగోళమే ప్రధానమని 1865లో నాయన ప్రకటించెను.

1874లో బ్రెస్లావు నగరమున కార్ల్ వెర్నికె యను నిరువదియాఱేండ్ల వైద్యుఁడు దీనికి విపరీతమైన తెగులును వివరించెను. ఎడమచెవికిఁ జేరువనున్న ఖండము వెనుకభాగము చెడినవాఁడు ధారాళముగాఁ బలుకును. ఆ పలుకున కర్థ ముండదు. ఇతరుల మాట వానికి బోధపడదు. మొదటివానికి శబ్దప్రవృత్తి కుంటుపడినది. రెండవవాని కర్థగ్రహణము కుంటుపడినది. ఈ రెండు తావులను విల్లువలె వంగిన తంతుసమూహ మొకటి కలుపుచున్నది.

శాబ్దికులకు విచార్యమైన యంశ మిచటఁ గలదు. బ్రోకా చెప్పిన తెగులు గల యాంగ్లభాషీయుఁడు నామవాచకములను బలుకును; సంబంధమును దెల్పు చిన్నపదములును బ్రత్యయములును జాఱవిడుచును. ఇటాలియను, హీబ్రూ మున్నగు భాషలలోఁ బ్రకృతి యొంటిగా నిలువదు. ఆ భాషలవారు ప్రత్యయమును విడువక, ఒకదానికి బదులు వేఱొకదానిఁ జేర్తురు. పదము గానిదానిఁ బ్రయోగింపరాదను నియమము, ఏ ప్రత్యయము తగునో తెలియనివానియందును నిలిచియున్న దన్నమాట! దీనిచేఁ బ్రకృతిప్రత్యయవిభాగము సత్యమనియు, వాక్య మఖండమను భర్తృహరిమతము తప్పనియుఁ దేలినదా? తేలలేదు. కుండ పగిలి పెంకు లగుటఁ జూచి, కుండ పెంకులతోఁ జేయఁబడినదనరాదు. వైఖరి బ్రోకాతావున, మధ్యమ వెర్నికెతావున నున్నవనుటయు నిట్టి తొందరపాటే. పారిసులో భద్రపఱచిన లెబోర్ఞ మెదడును అయస్కాంతయంత్రముతోఁ బరీక్షించి, చెఱుపు పైపొరనే కాక మిక్కిలి లోఁతునకుఁ బాఱియున్నదని 2007లో వెల్లడించిరి. వాక్కునకు నెలవు ఒక గది కాదు. పెక్కు తావులు కూడి చేయు పని యది.

నాతోఁ జదివిన యొక పండితునకుఁ గుడిచేయి పడి మాట పోయెను. దప్పిగొన్నను నీళ్లనలేఁడు. మతి చలించినదని యెంచి, యింటివా రాయన యెదుటనే యాయన లేనట్లు మాటలాడుకొనుచుండిరి. ఒకనాఁటి సాయంకాలము, మే మిరువురము చిన్ననాఁట వల్లించిన స్తోత్రమును నేను మొదలిడితిని. ఆయన నాతోఁ గడదాఁకఁ జదివెను! కంఠస్థములును బాటలును వేఱు త్రోవలఁ బలుకఁబడు ననియు, వానికిఁ గుడి యర్ధగోళము తోడ్పడు ననియు శాస్త్రజ్ఞుల యభిప్రాయము. పిమ్మట బుద్ధిపూర్వకముగా నొక విభక్తిని దప్పుగాఁ బలికితిని. ఆయన కనుబొమలు ముడిచి తల యడ్డముగా నూఁచెను. ఇంటివారు చూచిరి. నాఁటినుండి యాయనను మరల యజమానునిగా నడిపించిరి.

వాక్కును బుద్ధియు నొకటి గావనుటకు మనదేశమందే నిదర్శన మున్నది. పక్షవాతము తగిలిన 608 మంది రోగులను హైదరాబాదునందలి నిజాం వైద్యవిజ్ఞానసంస్థలోఁ బరీక్షించి 2016లోఁ బ్రకటించిరి. రెండుగాని యంతకెక్కువగాని భాషలు నేర్చినవారిలో నూటికి సుమారు నలువదిమందికి బుద్ధివ్యాపారము చెడలేదు. ఒక్క భాషయే వచ్చినవారిలో నిరువదిమందికే యట్లున్నది. మాట చెడుట మాత్ర మిరుతెగలవారికి సమానమే.

పాఠశాలలయందు వర్ణస్థానములఁ జెప్పునపు డీ మూలస్థానమును గూడఁ జెప్పుట మేలు. దానితోఁబాటు ముఖము వంకరపోవుట, చేయి పట్టు దప్పుట, మాట తడఁబడుట యకస్మాత్తుగాఁ గన్పట్టిన, మందుమాఁకులకు వేచియుండక వెంటనే పెద్దవైద్యశాలకుఁ గొనిపోవలెనని నేర్పవలెను. గడ్డకట్టిన రక్తమును గరఁగించు నౌషధము సామాన్యముగా నాలుగున్నర గంటలలోఁగా నీయవలసియుండును. ఆ గడువు దాఁటి మాట పోయినను, ఎదుటనున్నవాఁడు వినుచున్నాఁడని తలఁచియే మాటలాడుట మనకుఁ దగినది.