పోలీసు శిక్షణలో కృత్రిమ వాస్తవము

ఆగుమన్నను ఆగని మనిషి ఎదురైనప్పుడు పోలీసు అధికారి మాటాడవలెనా, ఆయుధము తీయవలెనా? వ్యవధి కొద్ది క్షణములే. పొరపాటు జరిగినచో ప్రాణము పోవచ్చును.

ఆ పొరపాటును ముందుగానే, హాని లేకుండ దిద్దుకొనుటకు వర్చువల్ రియాలిటీ, అనగా కృత్రిమ వాస్తవము, తోడ్పడుచున్నది. తలకు తొడిగిన పరికరము రెండు కళ్లకు స్వల్పభేదముగల రెండు చిత్రములను చూపును. మెదడు వాటిని కలిపి లోతుగల దృశ్యముగా గ్రహించును. తల త్రిప్పినకొలది కంప్యూటరు దృశ్యమును మార్చును.

2019లో అమెరికాలోని చికాగో పోలీసుశాఖ ఇట్టి శిక్షణను చేపట్టినది. శిక్షణార్థి మొదట స్కిజోఫ్రీనియా రోగి స్థానమునుండి చూచును. లేని కంఠస్వరములు అతనికి వినిపించును. పిమ్మట పోలీసు స్థానమున నిలిచి ఆ రోగిని ఎదుర్కొనును. ఆజ్ఞ పాటింపనివారందరును ధిక్కారులు కారని అప్పుడు బోధపడును.

అయితే యంత్రము నేర్పునది అందు కూర్చిన సన్నివేశమునే. సన్నివేశము పక్షపాతముతో కూడినచో శిక్షణయు అట్లే యగును.