పదును ఆరేలోపు: స్వయంచాలిత విత్తే యంత్రానికి చవక సెన్సార్లు

అనంతపురం మెట్ట ప్రాంతంలో సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. లోతు తక్కువైన ఇక్కడి ఎర్ర నేలల్లో వాన ఇచ్చిన పదును కొద్ది రోజులకే ఆరిపోతుంది. వేరుశనగను ఆలోపే విత్తాలి. రేకులకుంట వ్యవసాయ పరిశోధన స్థానం రూపొందించిన, ట్రాక్టరుతో నడిచే అనంత ప్లాంటరు ఈ అదనును అందుకొనేందుకు తోడ్పడుతున్నది. మానవరహిత వాహనాల పరిశోధనకై ఐఐటీ హైదరాబాద్‌లో 2022 జులైలో తిహాన్ ప్రయోగ క్షేత్రం ప్రారంభమైంది. ఇక విత్తే యంత్రమూ డ్రైవరు లేకుండా నడవగలదా అన్న ప్రశ్న సహజం.

అయితే సాలు వెంట నడవడం కన్న సరైన చోట ఆగడం కష్టం. ఎకరాకు కొర్ర విత్తనం సుమారు 2 కిలోలు చాలు. వేరుశనగ గింజలు సుమారు 60 కిలోలు కావాలి. కనుక యంత్రం పదేపదే విత్తనపు బండిని చేరి, తన పెట్టె సరిగ్గా గొట్టం కిందికి వచ్చేలా ఆగాలి. ఈ ప్రక్రియనే డాకింగ్ అంటారు. గురి తప్పితే విత్తనం నేలపాలవుతుంది. ఎత్తునుండి జారిపడితే పలుచని పొర చిట్లి మొలకశాతం తగ్గుతుంది.

సాధారణ జీపీఎస్‌లో కొన్ని మీటర్ల తేడా ఉంటుంది. సెంటీమీటర్ల కచ్చితత్వం గల ఆర్‌టీకే పరికరాలు చిన్న రైతుకు భారం. చవక సెన్సార్లకూ పరిమితులున్నాయి. 20 డిగ్రీల వద్ద సరిచేసిన అల్ట్రాసోనిక్ సెన్సారు, 40 డిగ్రీల ఎండలో మీటరు దూరాన్ని సుమారు 3 సెంటీమీటర్లు తక్కువగా చూపుతుంది. ధ్వని వేగం పెరగడమే కారణం. ఉష్ణోగ్రతా సెన్సారును జతచేస్తే ఈ దోషం సవరించవచ్చు. పరారుణ సెన్సారును ఎండ తికమకపెడుతుంది. కెమెరాను ఎర్రధూళి కమ్ముతుంది. తడినేలలో చక్రం జారితే చక్రభ్రమణాల లెక్క తప్పుతుంది.

అందువల్ల ఏ ఒక్క సెన్సారునో నమ్మరాదు. బండి సమీపానికి జీపీఎస్, దిశ సరిచూచుకొనుటకు బండిపై గుర్తును చదివే కెమెరా, చివరి మీటరులో అల్ట్రాసోనిక్ సెన్సారు ఉండాలి. రెండింటి లెక్కలు పొసగకపోతే యంత్రం ఆగిపోవాలి. అన్నింటికన్న చవకైన పరిష్కారం పెట్టెకు వెడల్పాటి గరాటు మూతి, చక్రాలకు దారిచూపే ఏటవాలు పట్టాలు. అవి 5 సెంటీమీటర్ల తేడాను సర్దుకోగలిగితే, సెన్సారు అంతకు మించిన కచ్చితత్వం సాధించనక్కరలేదు.

కావున పరిశోధక విద్యార్థులు ఆగిన స్థానంలోని తేడాను ప్రయోగశాల గచ్చుపై కాక, మిట్టమధ్యాహ్నపు ఎండలో, గాలిదుమారంలో, వాన మరునాటి తడినేలపై విడివిడిగా కొలవాలి. పదును వృథా కాకుండా విత్తనం పడిందా అన్నదే ఈ నేలపై యంత్రానికి అసలు పరీక్ష.