ఐరోపా స్త్రీనామములు: వాని పుట్టుక, వాని యర్థము

మన పాఠశాల హాజరుపట్టీలో మరియమ్మ, ఎలీసబెతు, మార్త, సూసన్న, మార్గరెట్టు మొదలగు పేర్లు ప్రతి తరగతియందును కానవచ్చును. ఈ పేర్లు గల బాలికలలో కొందఱికి ఒక సంకోచము కలదు. 'మరియమ్మ' యనిపించుకొనుటకంటె 'మేరీ' యనిపించుకొనుట నాగరికమని వారి తలంపు. 'ఎలిజబెత్' అనునదియే సరియైన రూపమనియు, 'ఎలీసబెతమ్మ' యనునది పల్లెటూరివారి నోట చెడిపోయిన రూపమనియు వారనుకొందురు. మఱి కొందఱు పెద్దలు, ఇవి యన్నియు ఇంగ్లీషు పేర్లు, వీనికి అర్థమేమియు లేదని చెప్పుదురు. ఈ రెండు తలంపులును ఎంతవరకు నిజమో విచారింపవలసియున్నది. అందులకై ఐరోపాఖండమునందలి స్త్రీనామములు ఎచ్చటనుండి వచ్చినవో, ఏయే భాషలలో ఏయే రూపములు తాల్చినవో కొంచెము తెలిసికొందము.

మొదట ఎలిజబెత్ అను పేరునే తీసికొందము. ఇది ఇంగ్లండులో పుట్టినది కాదు. నిర్గమకాండమునందు అహరోను భార్య పేరు ఎలీషెబ. ఇది హెబ్రీ మాట. 'నా దేవుడు ప్రమాణము' అని కొందఱును, 'నా దేవుడు సమృద్ధి' అని కొందఱును దీనికి అర్థము చెప్పుదురు. గ్రీకు భాషలో 'ష' యను ధ్వని లేదు. కావున హెబ్రీ గ్రంథములను గ్రీకులోనికి మార్చినప్పుడు ఈ పేరు 'ఎలిసబెత్' అయ్యెను. బాప్తిస్మమిచ్చు యోహాను తల్లికి మన తెలుగు బైబిలులో నున్న 'ఎలీసబెతు' అను పేరు ఈ గ్రీకు రూపమునకు మిక్కిలి దగ్గఱగా నున్నది.

గ్రీకునుండి యీ పేరు బయలుదేరి ఐరోపా యంతయు తిరిగినది. రుష్యాలో 'యెలిజవేత' యనియు, ఇటలీలో 'ఎలిజబెత్తా' యనియు, హంగెరీలో 'ఎర్జెబెత్' అనియు, స్కాట్లండులో 'ఎల్స్‌పెత్' అనియు పేరు మార్చుకొన్నది. ముద్దుపేర్లకు లెక్కయే లేదు: ఎల్సా, లీసా, బెట్టి, బెస్సీ, లిజ్జీ యనునవి యన్నియు ఈ యొక్క చెట్టు కొమ్మలే. స్పెయినులో దీని మొదటి భాగము ఊడి, తుది హల్లు మారి, 'ఇసబెల్' అయ్యెను. 1492వ సంవత్సరమున కొలంబసును సముద్రయాత్రకు పంపిన ఇసబెల్ రాణియు, 1558 మొదలు 1603 వరకు ఇంగ్లండును పాలించిన ఎలిజబెత్ రాణియు నిజమునకు ఒక పేరింటివారే. 1952 మొదలు 2022 వరకు ఇంగ్లండును పాలించిన రెండవ ఎలిజబెతును గూడ స్పెయిను పత్రికలు 'రెండవ ఇసబెల్' అనియే వ్రాయుచుండెను. స్పానిష్ వారు తమ రూపమునకు సిగ్గుపడలేదు. ఇంగ్లీషువారును దానిని తప్పనలేదు.

ఇక మరియ అను పేరును చూతము. మోషే సహోదరియగు మిర్యాము పేరే దీనికి మూలము. ఆ మాటకు 'చేదు' అని కొందఱు, 'ఎదిరింపు' అని కొందఱు, ఐగుప్తు భాషనుబట్టి 'ప్రియురాలు' అని కొందఱు అర్థము చెప్పుదురు. పండితులకు ఏకాభిప్రాయము కుదురలేదు. గ్రీకులో నిది 'మరియ' యయ్యెను. ఫ్రెంచివారు దానిని 'మరీ' యనిరి. ఇంగ్లీషువారు 'మేరీ' యనిరి. ఐర్లండువారు యేసు తల్లియందలి గౌరవముచేత ఆమెకొక్కతెకే ఒక ప్రత్యేక రూపమును ఉంచుకొని, తక్కిన స్త్రీలకు వేఱొక రూపమును వాడుదురు. స్పెయినువారు ఆమె బిరుదులనే పేర్లుగా పెట్టిరి. 'దొలొరెస్' అనగా దుఃఖములు. 'మెర్సెదెస్' అనగా కనికరములు. 'కొన్సుయెలొ' అనగా ఓదార్పు. 'కార్మెన్' అను పేరు కర్మెలు పర్వతమును బట్టి వచ్చినది. 1867లో పోలండు దేశపు వార్సా నగరమున 'మరియ' యను పేరితో పుట్టిన బాలిక, ఫ్రాన్సునకు పోయి 'మరీ' యయ్యెను. 1903లోను 1911లోను నోబెల్ బహుమానములను పొందిన మరీ క్యూరీ ఆమెయే. ఆమె పేరు మారలేదు. పలికిన నోరు మాత్రమే మారినది.

మన 'మరియమ్మ' యందు గ్రీకు రూపము చెక్కుచెదరక యున్నది. దానికి 'అమ్మ' యను గౌరవవాచకము మాత్రమే చేరినది. మూలమునకు దగ్గఱ యేదియని యడిగినచో, మేరీకంటె మరియమ్మయే దగ్గఱయని చెప్పవలెను.

పేరు ఒక భాషనుండి మఱియొక భాషలోనికి పోవుటకు రెండు త్రోవలు గలవు. ధ్వనిని మోసికొని పోవుట యొకటి. అర్థమును మోసికొని పోవుట రెండవది. అపొస్తలుల కార్యములలో యొప్పేయందలి శిష్యురాలికి అరామిక్ భాషలో తబితా యనియు, గ్రీకులో దొర్కా యనియు రెండు పేర్లు కలవు. రెంటికిని అర్థము లేడియే. ఆదికాండమునందలి హవ్వ పేరునకు జీవమని యర్థము. గ్రీకులోనికి మార్చినవారు ఒకచోట ఆ ధ్వనిని విడిచి, జీవమను నర్థము గల 'జోయె' యను తమ మాటనే వ్రాసిరి. అది నేటికిని ఐరోపాలో స్త్రీల పేరుగా నున్నది.

రుష్యాలో ఈ రెండు త్రోవలును ఒక్క కుటుంబమునందే కానవచ్చును. సోఫియా యను తల్లియు, విశ్వాసము, నిరీక్షణ, ప్రేమ యను గ్రీకు పేర్లు గల ముగ్గురు కుమార్తెలును హతసాక్షులైరని ప్రాచీన సంఘపు కథ. రుష్యావారు కుమార్తెల పేర్లను తమ మాటలలోనికి మార్చి 'వేరా', 'నదేజ్దా', 'ల్యుబోవ్' అనిరి. తల్లి పేరును మాత్రము మార్చక సోఫియా యనియే యుంచిరి. సోఫియా యనగా జ్ఞానము. మన దేశమందును ఇట్లే జరిగినది. హన్నా యనగా హెబ్రీలో కృప. దాని ధ్వనిని మోసికొని పోయినవారు ఆన్, అన్నా, నాన్సీ, అనీటా యను రూపములను కల్పించిరి. ఇంగ్లీషులో అదే యర్థము గల పేరు 'గ్రేస్'. మన తెలుగు క్రైస్తవ కుటుంబములలో 'కృపమ్మ' యనునది యా యర్థమునే తెలుపుచున్నది. లూకా సువార్తలో హన్నా పేరే 'అన్న' యను రూపమున నున్నది. మన భాషలో ఆ మాట జ్యేష్ఠ సహోదరునకు చెందుటచేత, దానిని యథాతథముగ బాలికలకు పెట్టుకొనలేకపోయితిమి!

ఇంకొక వింత కలదు. గ్రీకు, లాటిను, కెల్టిక్ భాషలును సంస్కృతమును ఒక్క భాషాకుటుంబమునకు చెందినవి. కావున కొన్ని ఐరోపా స్త్రీనామములు మనకు తెలిసిన మాటలకు చుట్టములు. ఐర్లండులోని 'బ్రిజిడ్' అను పేరునకు ఉన్నతురాలని యర్థము. అది సంస్కృతమునందలి 'బృహతీ' శబ్దమునకు సోదరి. గ్రీకు 'జోయె' యందున్నదియు మన 'జీవ' శబ్దమందున్నదియు ఒక్కటే ధాతువు. లాటిను 'స్టెల్లా' మన 'తార'కు బంధువు. దేవుని వరమను నర్థము గల 'థియొడోరా' యందలి రెండవ భాగము మన 'దాన' శబ్దమునకు చుట్టము. ఆ పేరునే తలక్రిందులు చేసిన 'డొరోథియా' యగును. ఇట్టి పేర్లను పరదేశపు పేర్లని ఎట్లనగలము?

పేర్లనుబట్టి ఒక జనము స్త్రీని ఎట్లు చూచెనో గూడ తెలిసికొనవచ్చును. ప్రాచీన రోమునందు బాలికకు సాధారణముగ తనకంటూ పేరుండెడిది కాదు. తండ్రి వంశనామమునకు స్త్రీలింగ ప్రత్యయము చేర్చుటయే ఆచారము. జూలియస్ వంశమున పుట్టినది జూలియా. తుల్లియస్ వంశమున పుట్టినది తుల్లియా. జూలియస్ సీజరునకు ఇద్దఱు సహోదరీలు, ఇద్దఱును జూలియాలే. పెద్దది, చిన్నది అనియో, మొదటిది, రెండవది, మూడవది అనియో చెప్పి గుర్తించుచుండిరి. ఒక్క యింట పుట్టిన బిడ్డలను అంకెలతో పిలుచుట ఎంత విచారము! అయినను ఈనాడు ఎందఱో ప్రేమతో పెట్టుకొను జూలియా, క్లాడియా, కొర్నేలియా యను పేర్లు అట్లు పుట్టినవే.

జర్మను జాతులవారి పద్ధతి వేఱు. వారు రెండు మాటలను కూర్చి పేరు చేయుచుండిరి. ఆ మాటలు తఱచుగ యుద్ధమునకు చెందినవి. 'మెటిల్డా' యనగా బలము, యుద్ధము. 'గెర్ట్రూడ్' అనగా బల్లెము, బలము. 'హిల్డా' యనగా యుద్ధమే. కాని యీ పేరు గల ఒక పుణ్యస్త్రీ, 680లో మరణించిన విట్బీ మఠాధికారిణి, యుద్ధము చేయలేదు. ఇంగ్లండులో స్త్రీ పురుషులకు చదువు చెప్పించి, రాజులకు హితబోధ చేసెను. తరువాత 16, 17 శతాబ్దములలో ఇంగ్లండునందలి ప్యూరిటనులు సద్గుణములనే పేర్లుగా పెట్టిరి: 'పేషన్స్' అనగా ఓర్పు, 'ప్రూడెన్స్' అనగా వివేకము, 'మెర్సీ' యనగా కనికరము. మన శాంతమ్మ, సుగుణమ్మ, కరుణ యనువారికి వీరు సహోదరీలు. 19వ శతాబ్దపు చివర పూవుల పేర్లు వాడుకలోనికి వచ్చినవి: లిల్లీ, వయొలెట్, డెయిజీ. వీనిలో డెయిజీ మార్గరెట్టునకు ముద్దుపేరు గూడ. మార్గరెట్టు అనగా గ్రీకులో ముత్యము. ఫ్రెంచి భాషలో ఆ మాటయే డెయిజీ పూవునకు పేరగుటచేత ఈ సంబంధము కలిగినది.

పేర్ల యర్థములను చెప్పునప్పుడు ఒక జాగ్రత్త యవసరము. ధ్వని పోలినంత మాత్రమున అర్థము కుదిరెనని తలంపరాదు. 'ఆగ్నెస్' అను పేరు గ్రీకులో పవిత్రురాలని యర్థమిచ్చు మాటనుండి వచ్చినది. లాటినులో 'ఆగ్నుస్' అనగా గొఱ్ఱెపిల్ల. ఈ పోలికచేత చిత్రకారులు ఆగ్నెసు ప్రక్కన గొఱ్ఱెపిల్లను వ్రాయుట వాడుకయయ్యెను. 'కాథరీన్' అను పేరునకు మూలము నిశ్చయము కాలేదు. కాని గ్రీకులో నిర్మలమని యర్థమిచ్చు 'కథరొస్' అను మాటతో దానిని క్రైస్తవులు కలిపి, ఆ పేరు వ్రాయు తీరును గూడ ఆ మాటకు తగినట్లు మార్చిరి. ఎస్తేరు పేరునకు నక్షత్రమను పారసీక పదము మూలమని కొందఱును, బబులోనీయుల ఇష్తార్ దేవత పేరు మూలమని కొందఱును చెప్పుదురు.

అర్థము గొప్పదైనంత మాత్రమున పేరు గొప్పది కాదు. 'పేరు గొప్ప, ఊరు దిబ్బ' యను సామెత మన యందఱకును తెలిసినదే. 1819లో ఒక ఇంగ్లీషు దంపతులకు ఇటలీయందలి నేపుల్సు నగరమున ఒక కుమార్తె పుట్టెను. ఆ నగరపు ప్రాచీన గ్రీకు నామమును బట్టి ఆమెకు పార్థెనొపీ యని పేరు పెట్టిరి. 1820లో ఫ్లారెన్సు నగరమున పుట్టిన రెండవ కుమార్తెకు ఆ యూరి పేరే పెట్టిరి. ఆ కాలమున ఫ్లారెన్సు అనునది బాలికలకు అంతగా వాడుకలో నున్న పేరు కాదు. 1854లో ఆమె స్కుతారి ఆసుపత్రికి పోయి గాయపడిన సిపాయిలకు పరిచర్య చేసిన పిమ్మట, ఇంగ్లీషువారి యిండ్లలో అసంఖ్యాకులగు బాలికలకు ఆ పేరు పెట్టబడెను. అక్కచెల్లెండ్ర పేర్లు రెండును ఊళ్ల పేర్లే. పార్థెనొపీ యను పేరు ఇంటి గడప దాటలేదు. ఫ్లారెన్సు నైటింగేలు పేరు లోకమంతయు వ్యాపించినది. ఆ భేదము అర్థమునందు లేదు, సేవయందున్నది.

బాలికలారా! పైన చెప్పినదానివలన రెండు సంగతులు స్పష్టమగుచున్నవి. ఇంగ్లీషు పేర్లని మనము తలంచునవి పెక్కులు హెబ్రీ, గ్రీకు, లాటిను దేశములనుండి ఇంగ్లండునకు పోయినవి; అవి ఇంగ్లీషువారికి గూడ ఎరువు సొత్తే. మఱియు ఏ జాతివారును ఎరువు తెచ్చుకొన్న పేరును తమ నోటికి తగినట్లు దిద్దుకొనక మానలేదు. హంగెరీవారికి 'ఎర్జెబెత్' అనుటకు ఎంత హక్కు గలదో, మనకు 'ఎలీసబెతమ్మ' యనుటకును అంతే హక్కు గలదు. కావున మీ యవ్వ మిమ్ము మరియమ్మా యని పిలిచినప్పుడు తల వంచుకొనవలదు. ఆమె నోట ఆ పేరు చెడిపోలేదు, తెలుగైనది. మీ పేరున కర్థమేమో, ఆ పేరు ఏయే దేశములు దాటి మీ యింటికి వచ్చినదో ఉపాధ్యాయుల నడిగి తెలిసికొనుడు. తోడి బాలిక పేరును వెక్కిరింపక, ఆమె కోరిన రీతిని స్పష్టముగ పలుకుడు. మీ తరువాత పుట్టు బిడ్డకు తల్లిదండ్రులు మీ పేరును ఇష్టపడి పెట్టుకొనునట్లు ప్రవర్తింపుడు.