కవాటము కారిన వేళ

2021 ఆగస్టు 12వ తేదీ తెల్లవారుజామున 5 గంటల 43 నిమిషములకు శ్రీహరికోటనుండి జి.యస్.యల్.వి.-ఎఫ్10 రాకెట్టు, భూమిని పరిశీలించుటకై నిర్మించిన ఇ.ఓ.యస్.-03 ఉపగ్రహమును మోసికొని పైకి లేచినది. మొదటి రెండు అంచెలును తమ పనిని చక్కగా నెరవేర్చినవి. మూడవ అంచె అంటుకొనవలసిన సమయమున అంతయు తారుమారయినది. 307వ సెకనున రాకెట్టులోని కంప్యూటరే ప్రయోగమును విరమించినది. ఉపగ్రహము దక్కలేదు.

ఆ మూడవ అంచెలో మండునది ఉదజని; మండించునది ఆమ్లజని. నేటి పాఠ్యపుస్తకములలో వీనిని హైడ్రోజన్, ఆక్సిజన్ అనియే వ్రాయుచున్నారు. నీటిని పుట్టించునదను అర్థమును తనలో నిలుపుకొన్న ఉదజని యను మాట మూలబడుట నాకు వెలితిగనే తోచును. అది యట్లుండనిండు. వాయురూపముననే నింపవలెనన్నచో ఎంత ట్యాంకును చాలదు గనుక వీనిని చల్లబరచి ద్రవములుగ మార్చి నింపుదురు. ఆమ్లజని సున్నకు దిగువ 183 డిగ్రీల సెంటిగ్రేడు వద్దను, ఉదజని 253 డిగ్రీల వద్దను మరుగును. మనకు ఎముకలు కొరుకు చలియు ఉదజనికి కొలిమి వంటిదే.

ట్యాంకునకు ఎన్ని కవచములు తొడిగినను కొంత వేడి లోనికి చొరబడును. ద్రవము మరిగి ఆవిరి యగును. ఆవిరి పెరిగినకొలది ఒత్తిడియు పెరుగును. బరువు తగ్గించుటకై పలుచగ చేసిన గోడలు మితిమీరిన ఒత్తిడికి ఓర్వలేవు. అందుచేత అధికమైన ఆవిరిని వెలికి విడుచుటకు ఒక కవాటము నమర్చుదురు.

అయితే ఒత్తిడి బొత్తిగా తగ్గినను పని సాగదు. ఉదజని ట్యాంకులోనే అమర్చిన చిన్న పంపొకటి ఆ ద్రవమును ఇంజనులోని పెద్ద పంపునకు అందించవలెను. కొండలపై గాలి ఒత్తిడి తక్కువగుటచే నీరు త్వరగా మరుగునని విద్యార్థులెరుగుదురు. ఎల్లప్పుడును మరుగుటకు సిద్ధముగనుండు ఉదజని సంగతి చెప్పనేల? పైన తగినంత ఒత్తిడి లేనిచో బుడగలు లేచి, పంపు రెక్కలు ద్రవమునకు మారుగ నురుగును త్రిప్పవలసివచ్చును.

ఒత్తిడి మితిమీరకుండ చూడవలసిన ఆ కవాటమే కారినదని విచారణ సంఘము తేల్చినది. రాకెట్టు లేచిన పిమ్మట పెరుగవలసిన ఒత్తిడి పెరుగలేదు. ఇంజను అంటించు వేళకు లోపలి పంపు సరిగా నడువలేదు. కవాటములోని మెత్తని సీలు దెబ్బతినుటయే కారణమై యుండవచ్చునని సంఘము అభిప్రాయపడినది. వంటయింటి కుక్కరులో గాస్కెటు పాతబడినచో మంట ఎంత పెంచినను విజిలు రాదు. కుక్కరు గాస్కెటు మార్చి మరల పొయ్యిమీద పెట్టవచ్చును. ఎగిరిన రాకెట్టునకు ఆ అవకాశము లేదు.

ఇంజను అంటించుటకు ముందే ట్యాంకులో తగిన ఒత్తిడిని కల్పించు ఏర్పాటు చేయవలెననియు, కవాటమును దృఢపరచవలెననియు, రాకెట్టు లేచుటకు అనుమతించుటకు ముందు మరికొన్ని కొలతలను యంత్రములే పరీక్షించవలెననియు సంఘము సూచించినది. వీనిలో మొదటిదే నాకు ముఖ్యముగ తోచినది. ఎంత గట్టి కవాటమైనను ఒకనాడు కారవచ్చును. కారినను ఒత్తిడిని నిలుపు ఉపాయము చేతనుండవలెను గదా!

2023 మే 29వ తేదీన జి.యస్.యల్.వి.-ఎఫ్12 అదే శ్రీహరికోటనుండి లేచి, ఎన్.వి.యస్.-01 ఉపగ్రహమును కక్ష్యలో చేర్చినది.