టాపు ఇస్తామన్నారు, బిల్లులో లేదు!

‘పైన టాపు, ముందు బంపరు, వెనక హుక్కు మావే. పైసా ఇవ్వనక్కర్లేదు’ అన్నాడు ట్రాక్టర్ల షోరూములో గుమస్తా. మా ఊరి రైతు నమ్మి అడ్వాన్సు కట్టాడు. ట్రాక్టరు వచ్చింది, టాపు రాలేదు. అడిగితే ‘ఆ గుమస్తా మానేశాడు, బిల్లులో లేదుగా’ అన్నారు. ఇప్పుడు తలగుడ్డ చుట్టుకుని ఎండలో దున్నుతున్నాడు. బ్యాంకు వాయిదా మాత్రం తప్పదు.

కనుక రైతు సోదరులు అడ్వాన్సు కట్టకముందే ఉచితమన్న ప్రతి వస్తువునూ కొటేషన్ మీద పేరుపేరునా రాయించి, డీలరు సంతకం, ముద్ర వేయించుకోవాలి. ఉచిత సర్వీసులు ఎన్నో, ఎన్ని గంటలకో కూడా రాయించాలి. అన్నీ సరిచూసుకున్నాకే డెలివరీ కాగితంపై సంతకం పెట్టాలి.

మాట తప్పితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. 2 ఏళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయవచ్చు. అక్కడ పనికొచ్చేది కాగితమే.