మూసే వేళ, తెరిచే వేళ

పడమటి గాలి మొదలైతే మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల తల్లులకు ఇంటిపని రెట్టింపవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో వానకు ముందు లేచే గాలిదుమారం ఒక ఎత్తు. జూన్ మొదలు ఆగస్టు దాకా వీచే గాలి మరొక ఎత్తు. వేరుశనగకు దున్ని వాన కోసం ఎదురుచూసే చేలలోని ఎర్రమన్ను పెంకుల సందుల గుండా ఇంట్లోకి వస్తుంది.

2018 మే 2న ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ రాష్ట్రాలలో దుమ్ము తుపానుకు వందమందికి పైగా మరణించారు. మన ఊళ్ల గాలి అంత భయంకరమైనది కాదు. అయినా "దుమ్మే గదా" అని తేలికగా తీసుకోవద్దని మనవి చేస్తున్నాము.

కంటికి కనిపించే దుమ్ము చాలావరకు ముక్కులో, గొంతులో ఆగిపోతుంది. మిల్లీమీటరులో నూరవ వంతుకంటె సన్నని దుమ్ము ఊపిరితిత్తులలోకి పోతుంది. అందులోనూ నాలుగవ వంతు మాత్రమే ఉండే అతి సన్ననిది లోతట్టు గాలి తిత్తుల దాకా చేరుతుంది. కట్టెల పొగలో ఎక్కువగా ఉండేది ఈ రకమే. ఇంటి పొయ్యి పొగవల్ల 2020లో ప్రపంచమంతటా 32 లక్షలమంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఇక్కడే చిక్కున్నది. దుమ్ముకు భయపడి తలుపులు మూస్తాము. ఆ మూసిన ఇంట్లోనే కట్టెల పొయ్యి వెలిగిస్తాము. బయటి దుమ్ము తగ్గినా లోపలి పొగ పోయే దారి ఉండదు. పొయ్యి దగ్గర తల్లి, ఆమె ఒడిలో బిడ్డ ఆ పొగనే పీల్చుతారు.

మదనపల్లె పక్కనున్న ఆరోగ్యవరం చరిత్ర ఇక్కడ జ్ఞాపకం చేసుకోదగినది. 1915లో అనేక మిషనులు కలిసి అక్కడ క్షయ ఆసుపత్రి ప్రారంభించాయి. డెన్మార్కు దేశస్థుడైన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానికి సారథి. క్షయకు మందులు లేని ఆ రోజుల్లో మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారమే చికిత్స. ఈనాడు మందులున్నాయి. అయినా గాలి ఆడని ఇంట్లో క్షయ క్రిములు ఒకరినుండి ఒకరికి సులభంగా సోకుతాయన్న మాట మారలేదు.

కాబట్టి మూసే వేళ, తెరిచే వేళ తెలిసి నడుచుకోవాలి. దుమారం లేచినప్పుడు గాలివైపు కిటికీలు మూయండి. తలుపు కింది సందులో తడిగుడ్డ పెట్టండి. నీళ్ల కుండలకు, అన్నానికి మూత వేయండి. గాలి తగ్గగానే అన్నీ తెరవండి. వంట చేసేటప్పుడు గాలి లేనివైపు కిటికీ తెరిచే ఉంచండి. గ్యాసు ఉన్నవారు కనీసం ఈ నెలల్లోనైనా కట్టెలు మానడం మేలు. పొడిగా కసువు ఊడిస్తే నేలమీది దుమ్ము మళ్లీ గాలిలోకి లేస్తుంది. నీళ్లు చిలకరించి ఊడ్చండి, లేదా తడిగుడ్డతో తుడవండి. ఆదివారం గుడిలో చాపలు పరిచేవారు కూడా వాటిని బయటనే దులపాలి.

కుప్పం వైపు గ్రానైటు క్వారీలలో పనిచేసే అన్నదమ్ములకు ఒక మాట. రాతిదుమ్ము మట్టిదుమ్ము వంటిది కాదు. అది ఊపిరితిత్తులను గట్టిపరుస్తుంది. ఆ జబ్బు నయం కాదు, పైగా క్షయకు దారి తీస్తుంది. నీళ్లు పోస్తూ రాయి తొలచడం, తగిన మాస్కు ధరించడం అవసరం. పనిబట్టలు ఇంటి బయటనే విడిచి, స్నానం చేసిన తరువాతే బిడ్డలను ఎత్తుకోండి.

ఉబ్బసమున్న పిల్లలకు డాక్టరు ఇచ్చిన ఇన్‌హేలరు "అలవాటైపోతుంది" అనే భయంతో ఆపవద్దు. ఆ భయానికి ఆధారం లేదు.

చివరిగా, రెండు వారాలు దాటిన దగ్గును దుమ్ముమీదికి నెట్టవద్దు. బరువు తగ్గినా, సాయంత్రం జ్వరం వచ్చినా, కఫంలో రక్తం పడినా అసలే ఆలస్యం చేయవద్దు. ప్రభుత్వ ఆసుపత్రిలో క్షయ పరీక్ష, మందులు ఉచితమే. మీ వీధిలో ఒంటరిగా దగ్గుతున్న అవ్వ ఉంటే, ఎవరైనా ఒకరు తోడు వెళ్లి ఆమెను పరీక్ష చేయించండి.